బైపాస్ తర్వాత మళ్ళీ పరుగు: నెల్లూరు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

లక్ష్యం: మూడు గ్రాఫ్టుల (మూసుకుపోయిన గుండె నాళాలకు పక్కదారిగా అతికించే రక్తనాళాల) బైపాస్ అయిన ఒంటితో మళ్ళీ ఐదు కిలోమీటర్లు పరిగెత్తడం, అదీ మర్నాడు మంచాన పడకుండా.

నాకు 51 ఏళ్ళు. నెల్లూరులో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆపరేషన్‌కు ముందే పరుగు అలవాటు ఉంది. ఆపరేషన్ చెన్నైలో, డిసెంబరులో అయింది. తర్వాత తీసిన ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత భాగం బయటికి తోస్తుందో ఆ అంకె, 55 శాతం వచ్చింది, అంటే గుండె కండరం పెద్దగా దెబ్బతినలేదు. ఈ అంకె బాగా తక్కువున్నవాళ్ళు, వాల్వు మార్పించుకున్నవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు నా అంకెలను వాడుకోకండి. పద్ధతి చూడండి చాలు. ప్రతి దశకూ ముందు కార్డియాలజిస్టు సరేనన్నాకే కదిలాను. ఆ ఒక్క పని మాత్రం ఎవరూ వదలకూడదు.

డైరీ అంతటికీ నియమం ఒక్కటే. ఇవాళ చేసింది ఎక్కువైందా, సరిపోయిందా అన్నది రేపు పొద్దున తేలుతుంది. పరిగెత్తేటప్పుడు ఒంటికి అనిపించేది నమ్మడానికి లేదు. మందులు పల్స్‌ను అణిచిపెడతాయి, ఉత్సాహం ఆయాసాన్ని కప్పేస్తుంది. అందుకని రోజూ పొద్దున మూడు అంకెలు:

1. మంచం దిగకముందు పల్స్, నిమిషం పాటు, మణికట్టు మీద వేళ్ళు పెట్టి. అంకెతో పాటు లయ సమంగా ఉందా తప్పుతోందా అన్నది కూడా రాయాలి.
2. బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు బరువు.
3. గ్రాఫ్టు కోసం సిర తీసిన కాలి పిక్క చుట్టుకొలత, టైలర్ టేపుతో. ఎక్కడ కొలవాలో పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ప్రతిరోజూ వేరే చోట కొలుస్తాం.

డాక్టరుతో మాట్లాడి పెట్టుకున్న హద్దులు ఇవి: పల్స్ ఆ వారం సగటు కంటే 8 పెరిగినా, బరువు నిన్నటి కంటే కిలో పెరిగినా, పిక్క ఒక సెంటీమీటరు ఉబ్బినా ఆ రోజు మెల్లటి నడకే. రెండు హద్దులు ఒకేసారి దాటితే డాక్టరుకు ఫోను. వారంలో రెండు కిలోలు పెరిగినా ఫోనే.

సామాను: బీపీ మిషను 1,900, డిజిటల్ తూకం 950, టైలర్ టేపు 20, రూళ్ళ నోటుబుక్ 60. మొత్తం 2,930 రూపాయలు. వాచీ సంగతి తర్వాత.

దశ 1: ఎముక అతికేదాకా

బైపాస్ అనగానే అందరి ధ్యాసా గుండె మీదే. నిజానికి మొదటి ఆరు వారాలు హద్దులు పెట్టేది ఎముక. రొమ్ముటెముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగించి కడతారు. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. ఈలోగా దాన్ని రెండు వైపులకూ లాగే పని ఏదీ చెయ్యకూడదు.

1. లేచేటప్పుడు పక్కకు దొర్లి, ముందు కాళ్ళు కిందికి దించి, ఆ బరువుతో లేవాలి. చేతులు మంచానికి ఆనించి నొక్కకూడదు.
2. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి.
3. నాలుగు కిలోలు దాటిన బరువు ఎత్తొద్దు. 20 లీటర్ల వాటర్ క్యాన్, గ్యాస్ బండ, చంటిపిల్లలు, బియ్యం సంచి ఏదీ వద్దు.
4. డాక్టరు చెప్పేదాకా బైకు నడపొద్దు. కారులో కూర్చుంటే బెల్టుకూ ఛాతీకీ మధ్య తువ్వాలు మడిచి పెట్టుకోవాలి.
5. ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. ఊదకూడదు, నిదానంగా లోపలికి పీల్చాలి.

ఛాతీలో ఎముక టిక్కుమని కదిలినట్టు అనిపించినా, గాయం నుంచి చీము, జ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

నడక ఇంట్లోనే, ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగు విడతలు. వారానికి విడతకు రెండు మూడు నిమిషాలు కలిపాను. నాలుగో వారానికి ఒకే విడతలో ఇరవై నిమిషాలు నడవాలన్నది ప్లాను. అది నడవలేదు.

కాలు ఒప్పుకోలేదు. గ్రాఫ్టు కోసం నా ఎడమ కాలి లోపలి వైపు నుంచి పొడవాటి సిరను తీశారు. అది మోసే రక్తాన్ని మిగతా సిరలు పంచుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇరవై నిమిషాల నడక అయ్యాక సాక్సు విప్పితే దాని అల్లిక గీతలతో సహా చర్మం మీద అచ్చు పడింది. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోయింది, నెమ్మదిగా పూడింది. పిక్క 36.0 సెంటీమీటర్లు ఉండాల్సింది మర్నాడు పొద్దున 37.8 ఉంది. ఊపిరికీ ఛాతీకీ ఏ ఇబ్బందీ లేదు.

మార్చింది: ఇరవై నిమిషాల విడతను రెండు పదులు చేశాను. ప్రతి విడత తర్వాత వెల్లకిలా పడుకుని రెండు దిండ్ల మీద కాలు, గుండె కంటే ఎత్తులో ఉండేట్టు. డాక్టరును అడిగి పగలంతా బిగుతు మేజోడు. వారానికి పిక్క 36.6కి దిగింది. ఒక జాగ్రత్త: పిక్క ఉబ్బడంతో పాటు నొప్పి, ఎరుపు, వేడి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు దిండ్లు పెట్టుకుని ఇంట్లో కూర్చోకండి.

ఆరు వారాల చివర: పొద్దున పల్స్ 92 నుంచి 78కి. పిక్క 36.3. ఒకేసారి నడక 25 నిమిషాలు. ఖర్చు 2,930కి మేజోళ్ళు 1,100 కలిపి 4,030.

దశ 2: ఆరు నిమిషాల పరీక్ష

నడక మెరుగవుతోందా లేదా తెలియడానికి ఆస్పత్రుల్లో వాడే పరీక్షే ఇంటి దగ్గరా పెట్టుకున్నాను. ఆరు నిమిషాల్లో సమతలం మీద ఎంత దూరం నడవగలమో కొలవడం. పరిగెత్తకూడదు, ఆయాసమొస్తే ఆగొచ్చు కానీ గడియారం ఆగదు.

మొదట మేడ మీద చేశాను. మేడ పొడవు 11 మీటర్లు. వచ్చింది 335 మీటర్లు. పది రోజులకు మళ్ళీ చేస్తే 340. నిజంగానే ఎదుగు లేదేమోనని టెన్షన్ పడి ఫిజియోకు ఫోను చేశాను. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఎంత దూరానికోసారి వెనక్కి తిరుగుతున్నారు?" ప్రతి 11 మీటర్లకూ ఆగి, తిరిగి, మళ్ళీ వేగం అందుకోవాలి. ఆరు నిమిషాల్లో ముప్పై మలుపులు. పరీక్షకు వాడే వరండా 30 మీటర్లు ఉండాలట.

మా స్కూలు వరండా టేపుతో కొలిస్తే సరిగ్గా సరిపోయింది. రెండు చివర్లా రెండు ఇటుకలు పెట్టి అదే వారం నడిస్తే 405 మీటర్లు. కొలిచే చోటు మారితే పాత అంకెలతో పోల్చకూడదు. మేడ అంకెలు కొట్టేసి 405 నుంచి లెక్క మొదలుపెట్టాను.

మూడో నెల చివర: ఆరు నిమిషాలకు 490 మీటర్లు. పొద్దున పల్స్ 66. మొత్తం నడక సుమారు 110 కిలోమీటర్లు.

దశ 3: ఏ పల్స్ దగ్గర ఆగాలి?

పరుగుకు ముందు టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్టు) తప్పనిసరి. ట్రెడ్‌మిల్ మీద ప్రతి మూడు నిమిషాలకూ వేగం, ఎత్తు రెండూ పెంచుతూ ఈసీజీ, బీపీ చూస్తారు. నేను ఎనిమిది నిమిషాలు దాటాక కాళ్ళు అలిసి ఆపమన్నాను. ఈసీజీలో మార్పు లేదు. అప్పటికి పల్స్ 126.

ఈ 126 ఎందుకు ముఖ్యమో చెప్పాలి. 220లోంచి వయసు తీసేసే లెక్క అందరికీ తెలుసు. నా వయసుకు 169 వస్తుంది, దానిలో 70 శాతం 118. ఆ లెక్క బీటా బ్లాకరు వాడేవాళ్ళకు చెల్లదు. నేను వాడే బీటా బ్లాకరు మెటోప్రొలాల్. గుండె ఎంత వేగంగా కొట్టుకోగలదో దానికే అది పైకప్పు వేస్తుంది. నా పైకప్పు 126. 118 దగ్గర పరిగెత్తడమంటే దాదాపు శక్తంతా పెట్టడమే.

అందుకని పొద్దున పల్స్‌నూ టీఎంటీ పల్స్‌నూ పెట్టి వేసే లెక్క వాడాం:

1. 126 నుంచి 66 తీసేస్తే 60.
2. 60లో 40 శాతం 24. దానికి 66 కలిపితే 90. ఇది కింది గీత.
3. 60లో 70 శాతం 42. దానికి 66 కలిపితే 108. ఇది పై గీత.

90కీ 108కీ మధ్య ఉండాలి. మందు మోతాదు మారినా, కంపెనీ మారినా ఈ లెక్క మళ్ళీ వెయ్యాలి. మాత్ర వేసుకున్న సమయం కూడా ముఖ్యమే. అదే దారిలో అదే వేగంతో, మాత్రకు ముందు నడిచిన రోజుకూ మాత్ర వేసుకున్న రెండు గంటలకు నడిచిన రోజుకూ పది తేడా వచ్చింది. మాత్ర సమయాన్ని మన ఇష్టానికి జరపకూడదు కాబట్టి, నడక సమయాన్ని మాత్రకు ఎప్పుడూ ఒకే దూరంలో ఉంచాను.

పల్స్‌కు తోడు ఇంకో కొలత కావాలి. స్వీడన్ మనస్తత్వవేత్త గునార్ బోర్గ్ తయారుచేసిన స్కేలు ఉంది, 6 నుంచి 20 దాకా. ఎంత కష్టంగా ఉందో మనమే అంకె వేసుకోవాలి. 11 నుంచి 13 మధ్య ఉంటే మనకు చాలు. నాకు దానికంటే ఎక్కం బాగా పనిచేసింది. పరిగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చదవాలి. ఎక్కంలో ఒక్కో వరుస ఒక మెట్టు. ఒక్క ఊపిరిలో మూడు మెట్లు వస్తే సరైన వేగం. రెండే వస్తే తగ్గించాలి. ఒక్కటే వస్తే నడక. ఆరు మెట్లు హాయిగా వస్తే ఇంకాస్త వేగం పెంచొచ్చు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, మందు ప్రభావం దీని మీద పడదు.

దశ 4: పరుగు, నడక, వాచీ

ఏప్రిల్లో మా ఊరి స్వర్ణాల చెరువు కట్ట మీద మొదలు. పద్ధతి:

1. పది నిమిషాలు నడక, చివరి రెండు నిమిషాలు వడిగా.
2. ఒక నిమిషం మెల్లటి పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఆరు సార్లు.
3. పది నిమిషాలు నడక, నెమ్మదిస్తూ.
4. వారానికి మూడు రోజులే. మధ్యలో ఒక రోజు నడక, ఒక రోజు కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం, రబ్బరు బ్యాండు. బరువు లాగేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, లాగేటప్పుడు వదలాలి.

జేబులో పేరు, ఆపరేషన్ వివరం, మందుల జాబితా, ఇంటి నంబరు ఉన్న కార్డు. డాక్టరు ఇచ్చిన సార్బిట్రేట్ (ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర). ఫోను. ఛాతీ బిగించినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, పల్స్ లయ తప్పినా పరుగు అక్కడితో ఆగాలి. తగ్గకపోతే 108 అంబులెన్సుకు ఫోను.

పై పద్ధతిలో మూడోది, చివరి పది నిమిషాల నడక, ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మొదట్లో ప్లానులో అది ఐదు నిమిషాలే ఉండేది. ఒక రోజు ఐదు నిమిషాలు నడిచి బెంచీ దగ్గర నిలబడగానే కళ్ళు తిరిగాయి. బీపీ 92/60. పరుగులో కాళ్ళ రక్తనాళాలు వెడల్పు అవుతాయి. నడుస్తున్నంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. నిలబడగానే ఆ తోపు ఆగిపోతుంది, గుండె వేగం పెంచి సర్దుకోవాలంటే బీటా బ్లాకరు పెంచనివ్వదు. ఐదును పది చేశాక, నిలబడకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాక మళ్ళీ రాలేదు.

ఇక వాచీ. మణికట్టు వాచీ 3,200 పెట్టి కొన్నాను. కట్ట మీద మూడో పరుగు విడతలో చూస్తే 158 అని చూపించింది. టీఎంటీలో శక్తంతా పెడితే వచ్చింది 126. ఆగి కట్ట గోడ మీద కూర్చున్నాను. రోజూ నడిచే పెద్దాయన ఒకరు చూసి, "ఏంది సారూ, ఎట్టుండాది? ఆటో పిలిపిద్దునా?" అన్నారు. వేళ్ళతో పదిహేను సెకన్లు లెక్కపెడితే 26. అంటే 104. ఛాతీలో ఏమీ లేదు, ఎక్కం మూడు మెట్లు వస్తోంది. వాచీ ఇంకా 150 పైనే చూపిస్తోంది.

ఇంటికొచ్చి వీడియోలో అడుగులు లెక్కపెడితే నిమిషానికి 158 అడుగులు. వాచీ చర్మం మీద వెలుగు వేసి రక్తం కదలికను చూస్తుంది. చెయ్యి ఊపు ఒకే తాళంలో ఉంటే ఆ ఊపునే పల్స్ అనుకుంటుంది. చెమట, వదులు పట్టీ తోడైతే మరీ. తర్వాత ఛాతీ పట్టీ ప్రయత్నించాను. అంకెలు బాగున్నాయి కానీ పట్టీ సరిగ్గా కుట్టు కింది చివర మీద కూర్చుంటుంది. రెండు వారాలకు అక్కడ చర్మం ఎర్రబడి ఒరుసుకుంది. దాన్ని ఆపి, మోచేతి కింద కండ మీద కట్టుకునే బ్యాండు తెచ్చాను. అక్కడ ఎముక తక్కువ, కండ ఎక్కువ, ఊపు తక్కువ. వేళ్ళ లెక్కకూ దానికీ మూడు నాలుగు కంటే ఎక్కువ తేడా రావడం లేదు. కొత్తగా కొనేవాళ్ళు నేరుగా దీనికే వెళ్ళొచ్చు. ఏది కొన్నా వారానికోసారి వేళ్ళతో సరిచూడండి.

మే మధ్యకు: ఒక నిమిషం పరుగు రెండు నిమిషాలు అయింది, నడక రెండు నుంచి ఒకటిన్నరకు దిగింది. పొద్దున పల్స్ 63. మొత్తం పరుగు, నడక కలిపి సుమారు 260 కిలోమీటర్లు. ఖర్చు 4,030కి వాచీ 3,200, ఛాతీ పట్టీ 2,400, చేతి బ్యాండు 3,900, బూట్లు 3,500 కలిపి 17,030.

దశ 5: రోహిణి కార్తె

ఏప్రిల్లో పల్స్ 102 దగ్గర సాగిన పరుగు మే నెలాఖరుకు, తెల్లవారుజామున ఐదింటికే, అదే వేగానికి 114 చూపించింది. ఎండ లేదు, ఉక్క ఉంది. మన సముద్రపు గాలిలో చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. పై గీత 108ని కదపలేదు, వేగాన్నే తగ్గించాను. రోహిణి కార్తెలో పరుగు పూర్తిగా మానేసి ఇంట్లో ఫ్యాను కింద సైకిలు తొక్కాను. నీళ్ళు ఎన్ని తాగాలన్నది డాక్టరు చెప్పిన లెక్కే. నీరు పోవడానికి మాత్ర వాడేవాళ్ళకు వేసవిలో ఆ లెక్క మారుతుంది, తప్పకుండా అడగాలి.

ఈ దశలోనే ఉప్పు సంగతి తేలింది. ఒక పెళ్ళి భోజనం మర్నాడు బరువు 1.3 కిలోలు పెరిగింది, పల్స్ 6 పెరిగింది. అది కొవ్వు కాదు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు, ఒక్క రాత్రిలో పదివేల కేలరీలు ఎవరూ అదనంగా తినలేరు. అది నీరు, ఉప్పు పట్టి ఉంచిన నీరు. ఆవకాయ, అప్పడాలు, బిర్యానీ, అన్నీ ఉప్పే. రెండు రోజుల్లో దిగింది. ఆ రెండు రోజులూ నియమం ప్రకారం నడకే. అప్పటి నుంచి ఇంట్లో చేపల పులుసుకు ఉప్పు సగం వేసి, పులుపుకు పచ్చి మామిడి ముక్కలు పెంచారు మా ఆవిడ. రుచి తగ్గలేదు. ఎండు చేపలు మాత్రం పూర్తిగా ఆపాం.

దశ 6: ఇసుక, పండుగ, ఐదు కిలోమీటర్లు

జూలైలో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర జనం. కట్ట మీద పరుగు కుదరదు. ఆ వారం మైపాడు బీచ్‌కు వెళ్ళాను. పొడి ఇసుకలో నాలుగు నిమిషాలకే పల్స్ 116, ఎక్కం ఒకటే మెట్టు. మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి కావాలి. అలల దగ్గరి తడి ఇసుక గట్టిగానే ఉంది కానీ సముద్రం వైపు వాలు ఉంటుంది. ఒకే దిక్కుకు వెళితే ఒక కాలి మోకాలు మీదే భారం. మర్నాడు పిక్క 0.8 పెరిగింది, హద్దు లోపలే. బీచ్ నడకకు బాగుంటుంది, పరుగుకు నా జాబితాలోంచి తీసేశాను.

ఆగస్టులో డాక్టరు పై గీతను 112కి పెంచారు. ఆ నెలంతా పరుగు విడతను వారానికి అర నిమిషం చొప్పున పెంచాను. పొద్దున అంకెలు హద్దు దాటిన వారం పెంచలేదు, అంతకు ముందు వారందే మళ్ళీ చేశాను. అలాంటి వారాలు కొన్ని వచ్చాయి, ఎక్కువగా స్కూల్లో పరీక్షల పని పడి నిద్ర తగ్గినప్పుడు.

ఇంత నిదానం అవసరమా అని అడిగేవాళ్ళకు ఒక సంగతి. 1973లోనే టొరంటోకు చెందిన డాక్టర్ టెరెన్స్ కవనా, గుండెపోటు వచ్చి కోలుకున్న కొందరు పేషెంట్లను బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తించారు. వాళ్ళు కూడా నడకతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పెంచుకుంటూ అక్కడికి చేరారు. నిదానమే ఆ పద్ధతిలో మందు.

సెప్టెంబరు చివర, కట్ట మీద, నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఐదు కిలోమీటర్లు పూర్తయ్యాయి. 48 నిమిషాలు పట్టింది. అత్యధిక పల్స్ 111, ఎక్కం మూడు మెట్లు. అయినా ఆ రోజు ఫలితం రాయలేదు, మర్నాటి గడి ఖాళీగా ఉంచాను. మర్నాడు పొద్దున పల్స్ 61, బరువు 200 గ్రాములు తక్కువ, పిక్క 36.1. అప్పుడు టిక్కు పెట్టాను.

ప్రస్తుతానికి: ఆరు నిమిషాల నడక 575 మీటర్లు. మొత్తం దూరం సుమారు 640 కిలోమీటర్లు. ఖర్చు 17,030 దగ్గరే ఆగింది.

అక్టోబరు నుంచి మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. కట్ట మట్టి జారుతుంది, ఆస్పిరిన్ వాడే ఒంటికి దెబ్బ తగిలితే రక్తం ఆగడానికి ఎక్కువ సమయం పడుతుంది. వాన రోజుల్లో స్కూలు వరండాలో నడక, రబ్బరు బ్యాండు, సైకిలు. డిసెంబరులో రెండో టీఎంటీ. అప్పటిదాకా ఐదు కిలోమీటర్లు దాటను, మధ్యలో ఉన్న ఒక నిమిషం నడకను ముందు నలభై సెకన్లకు, ఆ తర్వాత ఇరవైకి తగ్గించి చూస్తాను. టీఎంటీలో పైకప్పు మారితే 90, 112 గీతల లెక్క మళ్ళీ వేసి ఇక్కడే రాస్తాను.